ఆ ప్లెయింట్‌లో మాట్లాడుతున్నది మీరే

అనంతపురంలో ఉంటున్న 47 ఏళ్ల గృహిణి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. ఆమె పుట్టినిల్లు కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. తండ్రికి తాతల నాటి మెట్ట భూమి ఆరెకరాల ఇరవై సెంట్లు, 1991లో ఆయన తన పేరు మీద కొన్న రెండెకరాల పది సెంట్ల చీనీ (బత్తాయి) తోట, ఊళ్లో ఒక మిద్దె ఉండేవి. అక్కకు 1983లో పెళ్లయింది, బళ్లారిలో ఉంటోంది. ఈమె పెళ్లి 1999లో జరిగింది. అన్న ఊళ్లోనే సేద్యం చేస్తున్నాడు. తండ్రి 2018లో వీలునామా ఏదీ రాయకుండా మరణించారు. తల్లి అన్న దగ్గరే ఉంది. 2024 ఉగాదికి ఊరికి వెళ్లినప్పుడు చీనీ తోటను బేరానికి పెట్టారని తెలిసి, తన భాగం సంగతి ఏమిటని అడిగితే, "పెండ్లిలో పది తులాల బంగారు పెట్టినాము గదా, ఇంకేం భాగం?" అని అన్న అన్నాడట.

తెలిసినవారు చెప్పిన ఒక ప్లీడరును ఆమె కలిశారు. ఆయన నాలుగు ప్రశ్నలడిగి, వారం తర్వాత ఇంగ్లీషులో టైపు చేసిన ప్లెయింట్ (దావా పత్రం) కాగితాల మీద ఎనిమిది చోట్ల సంతకాలు తీసుకున్నారు. జూలైలో దావా వేశారు. కొద్ది రోజులకే గుమాస్తా ఫోన్ చేసి "మీ ప్లెయింట్ రిటర్న్ అయింది" అనడంతో ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తర్వాత దావాకు నంబరు పడిందన్నారు. ఇప్పుడు అన్న తరఫువారు అసలు ప్లెయింట్‌నే తిరస్కరించాలని పిటిషన్ వేశారు. డిగ్రీ చదువుతున్న పక్కింటి అమ్మాయి చేత ప్లెయింట్ చదివించుకుంటే, మెట్ట భూమి మొత్తం ఈమె ఒక్కరి స్వాధీనంలోనే ఉన్నట్లు, జూన్ 12న అన్న మనుషులతో వచ్చి అందులోకి చొరబడబోయినట్లు, అతను ఆ భూమిలో అడుగుపెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఇవ్వాలని ఈమె కోరినట్లు ఉంది. తోట లేదు, మిద్దె లేదు, తల్లి పేరు లేదు, అక్క పేరు లేదు, భాగ పరిష్కారం అన్న మాటే లేదు. జూన్‌లో తాను ఆ ఊరికే వెళ్లలేదని ఆమె రాశారు. ఉత్తరం చివరి పేజీలో మరొక సంగతి ఉంది. 2019లో "పాసుపుస్తకానికి, బ్యాంకు లోనుకు కావాల" అని అన్న చెబితే ఒక కాగితం మీద సంతకం పెట్టారట. ఆ సంగతి ప్లీడరుకు చెప్పలేదు.

ఆమె అడిగినవి నాలుగు. అసలు ఈ ప్లెయింట్ అంటే ఏమిటి, దానికి ఇంత బలం ఎందుకు? అందులో తప్పు రాసినందుకు నా హక్కు పోతుందా? ప్లీడరును మార్చుకోవాలా? అమ్మ ఏడుస్తోంది, దావా తీసేసుకోనా?

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ అన్న వేసిన పిటిషన్ కాదు, ఎనిమిది సంతకాల సంగతి. ప్లెయింట్ అంటే కోర్టు గడప దాటడానికి ప్లీడరు రాసుకునే అర్జీ అని మన ప్రాంతంలో చాలామంది అనుకుంటారు. అది మీ కథనం. మీ నోటితో మీరు చెప్పినట్లుగానే కోర్టు దాన్ని చదువుతుంది. జడ్జి గారికి మీ నాన్న గారు తెలియరు, చీనీ తోట ఎక్కడుందో తెలియదు, ఉగాది నాడు ఏ మాట జరిగిందో తెలియదు. ఆ కాగితంలో ఉన్నంతవరకే ఆయనకు మీ గురించి తెలుస్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 26వ సెక్షన్ ప్రకారం ప్లెయింట్ దాఖలు చేయడంతోనే దావా పుడుతుంది. తెలుగులో వాదపత్రం అనే మాట ఉన్నా, కోర్టు ఆవరణలో జడ్జి మొదలు బంట్రోతు వరకు అందరూ ప్లెయింట్ అనే అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడుతున్నాను.

అందులో ఏముండాలో అదే కోడ్‌లోని 7వ ఆర్డరు మొదటి రూలు చెబుతుంది. ఏ కోర్టు, వాది ఎవరు, ప్రతివాదులు ఎవరు, వారి చిరునామాలు, దావా వేయవలసిన కారణం ఏమిటి, అది ఎప్పుడు పుట్టింది, ఈ కోర్టుకే ఎందుకు వచ్చారు, దావా విలువ ఎంత, దాని మీద కోర్టు ఫీజు ఎంత, చివరగా మీకు ఏం కావాలి. భూమి దావా అయితే సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణం చూపే షెడ్యూలు కూడా ఉండాలి. రామాయణమంతా రాయనక్కరలేదు. సాక్ష్యం తర్వాత చెప్పుకోవచ్చు. కానీ మీ హక్కు ఏ వాస్తవాల మీద నిలబడిందో ఆ వాస్తవాలన్నీ అక్కడ ఉండి తీరాలి. ప్లెయింట్‌లో లేని కథకు విచారణలో ఎంత గట్టి సాక్ష్యం తెచ్చినా కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు, ఎందుకంటే ఎదుటివారికి జవాబుదావాలో దానికి బదులు చెప్పే అవకాశం రాలేదు. కోరికల పేరా కూడా అంతే ముఖ్యం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కోర్టు అసలే పెట్టదు. మీ ప్లెయింట్ భాగం అడగలేదు. ఈ దావాలో మీరు పూర్తిగా గెలిచినా మీ చేతికి వచ్చేది ఒక నిషేధ ఉత్తర్వు మాత్రమే, ఒక్క సెంటు భూమి కూడా రాదు.

ముందు రిటర్న్, తిరస్కరణ అన్న ఆ రెండు భయాల సంగతి తేల్చేస్తాను. గుమాస్తా చెప్పిన 'రిటర్న్' చాలా మామూలు వ్యవహారం. దాఖలైన ప్రతి ప్లెయింట్‌నూ కోర్టు ఆఫీసు పరిశీలించి, ఫీజు తక్కువైందనో, ఒక పత్రం జత చేయలేదనో, షెడ్యూలులో హద్దులు సరిగా లేవనో అభ్యంతరాలు రాసి, గడువు పెట్టి తిరిగి ఇస్తుంది. సరిచేసి మళ్లీ ఇస్తే నంబరు పడుతుంది. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ప్లీడర్ల ప్లెయింట్లకూ ఇది తప్పదు. అదే మాటతో పిలిచే మరొక రిటర్న్ ఉంది, అది 7వ ఆర్డరు 10వ రూలు కింద వచ్చేది. ఈ దావా వినే అధికారం మాకు లేదు, ఫలానా కోర్టులో వేసుకోండని తిరిగి ఇవ్వడం అది. మీకు జరిగింది మొదటిది. మీకు ఆ ఫోన్ చేసిన గుమాస్తా ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆ రాత్రి మీరు నిద్రపోయి ఉండేవారు.

మీ అన్న కోరుతున్న తిరస్కరణ 11వ రూలు కిందిది. దావాకు కారణమే కనిపించకపోయినా, విలువ తక్కువ చూపి గడువిచ్చినా సరిచేయకపోయినా, తగినంత స్టాంపు లేకపోయినా, చట్టమే ఆ దావాను అడ్డుకుంటున్నట్లు ప్లెయింట్‌లోనే తేలినా కోర్టు దాన్ని మొదట్లోనే తిరస్కరించవచ్చు. అయితే ఈ దశలో జడ్జి చూడవలసింది మీ ప్లెయింట్‌ను, దానితో జత చేసిన పత్రాలను మాత్రమే. మీ అన్న ఏమంటున్నాడో ఆయన ఇప్పుడు చూడకూడదు. పది తులాల బంగారం తీసుకుని హక్కు వదులుకుందన్న మాట విచారణలో తేలవలసినదే తప్ప, ఆ ఒక్క మాటతో ప్లెయింట్ తిరస్కరించడం కుదరదు. ఒకవేళ తిరస్కరించినా దాని మీద అప్పీలు ఉంది, కాలపరిమితి దాటకపోతే సరైన ప్లెయింట్‌తో కొత్త దావా వేసుకునే దారిని 13వ రూలు తెరిచే ఉంచింది. కాబట్టి ఆ పిటిషన్ చూసి బెదరవద్దు.

బెదరవలసింది మీ సొంత ప్లెయింట్‌ను చూసి. భూమి మొత్తం మీ స్వాధీనంలో ఉందని, జూన్ 12న చొరబాటు జరిగిందని అందులో ఉంది. ఎవరో బయటివాడి మీద గతంలో వేసిన ఇంజంక్షన్ దావా నమూనాలో పేర్లు, సర్వే నంబరు మార్చినట్లు నాకు అనిపిస్తోంది. ఆఖరి పేజీలో 'పై పేరాలలోని విషయాలు నాకు తెలిసినంతవరకు నిజం' అన్న ధ్రువీకరణ కింద ఉన్న సంతకం మాత్రం ప్లీడరుది కాదు, మీదే. 2002లో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత దానితో పాటు ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి, బహుశా మీ ఎనిమిది సంతకాలలో ఒకటి దాని మీదే పడి ఉంటుంది. రేపు మీరు బోనెక్కినప్పుడు ఎదుటి ప్లీడరు అడిగే మొదటి ప్రశ్న నేను ఇప్పుడే చెప్పగలను: "ఈ ప్లెయింట్ మీకు చదివి వినిపించిన తర్వాతే సంతకం పెట్టినారా?" అవునంటే అబద్ధపు చొరబాటు మీ మెడకు చుట్టుకుంటుంది. కాదంటే మీ దావా అంతా మీకే తెలియని కథ అవుతుంది. ఈ ఇరకాటంలో పడినవారిని నేను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది నిజాయితీపరులే, ఇంగ్లీషు రాకపోవడమే వారి తప్పు. మన కోర్టుల్లో ప్లెయింట్లు ఇంగ్లీషులో ఎందుకు రాస్తారన్నది వేరే చర్చ. తెలుగులో చదివి వినిపించమని అడిగే హక్కు మాత్రం సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.

ఇక మీ హక్కు విషయం. తప్పు ప్లెయింట్ వేసినంత మాత్రాన ఆస్తిలో మీ హక్కు పోదు. దాన్ని సరిచేయకుండా చివరిదాకా లాగితే మాత్రం చిక్కుల్లో పడుతుంది. సరైన ప్లెయింట్ ఎలా ఉండాలో కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కేసులో ఒక్కొక్క మాట ఎకరాలనే మారుస్తుంది.

చీనీ తోట మీ నాన్న గారు 1991లో సొంత సంపాదనతో కొన్నదైతే అది ఆయన స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మీ అమ్మ, అక్క, అన్న, మీరు తలా నాలుగో వంతుకు హక్కుదారులు, అంటే ఒక్కొక్కరికి 52న్నర సెంట్లు. మెట్ట భూమి సంగతి వేరు. అది పిత్రార్జితమైతే మీ నాన్న, అన్న, అక్క, మీరు నలుగురూ పుట్టుకతో భాగస్థులు. నాన్న గారి నాలుగో వంతు ఆయన మరణంతో మళ్లీ నలుగురికి చీలుతుంది. మన ప్రాంతంలో భర్తకూ పిల్లలకూ మధ్య జరిగే పంపకంలో భార్యకు విడిగా వాటా ఇచ్చే పద్ధతి లేదు కనుక, అమ్మకు ఆ భూమిలో పదహారింట ఒక వంతు, అంటే దాదాపు 39 సెంట్లు, మీ ముగ్గురికి తలా పదహారింట ఐదు వంతులు, అంటే దాదాపు ఎకరా 94 సెంట్లు వస్తాయి. అదే భూమి మీ తాత గారు సొంతంగా సంపాదించినదై, ఆయన 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా మరణించి ఉంటే, మీ నాన్న గారి చేతికి వచ్చిన వాటా చట్టం దృష్టిలో ఆయన స్వంత ఆస్తే అవుతుంది. అప్పుడు మీ నలుగురికి తలా ఎకరా 55 సెంట్లు. తాత ఎప్పుడు పోయారు, ఆ భూమి ఆయనకు ఎలా వచ్చింది అన్న ఒక్క వాక్యం మీద మీ అమ్మ వాటా 39 సెంట్లా, ఎకరా 55 సెంట్లా అన్నది ఆధారపడి ఉంది. మీ ప్లెయింట్‌లో తాత గారి ప్రస్తావనే లేదు.

అక్క పెళ్లి 1983లో అయింది కాబట్టి ఆమెకు రాదని ఎవరైనా అంటారేమో చూడండి. ఆ మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1986లో దేశంలోనే అందరికన్నా ముందుగా ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన భాగం ఇచ్చింది, కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వారికే ఆ చట్టం వర్తించింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ షరతు లేదు. వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది. కనుక అక్కా మీరూ సమానమే. మిద్దెలో ఆడపిల్లలు భాగం అడగకూడదన్నదీ పాత మాటే, అలా అడ్డుకునే 23వ సెక్షన్‌ను అదే 2005 సవరణ తీసేసింది.

అందుకే భాగ పరిష్కార దావాలో హక్కుదారులందరూ ఉండాలి, ఉమ్మడి ఆస్తులన్నీ ఉండాలి. అమ్మను, అక్కను చేర్చకపోతే అవసరమైన పక్షాలు లేవన్న కారణంతోనే దావా వీగిపోతుంది. తోటనూ మిద్దెనూ వదిలి మెట్ట భూమి ఒక్కదాన్నే పంచమని అడిగితే పాక్షిక పంపకం కుదరదంటారు. మీ అక్క "నాకేమీ వద్దు, నన్ను కోర్టుకు లాగవద్దు" అని చెప్పినట్లు రాశారు. ఆమెను చేర్చక తప్పదు, అయితే ప్రతివాదిగా చేర్చడమంటే శత్రువుగా చూపడం కాదు. సమన్లు బళ్లారి చేరకముందే మీరు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పండి. ముందు చెప్పని సమన్లు చేతికి అందిన రోజునే అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

కోర్టు ఫీజు విషయంలో కూడా ప్లెయింట్‌లోని మాటే కొలబద్ద. ఉమ్మడి ఆస్తి ఇప్పటికీ అందరి ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్లే అన్న కథనమైతే, 1956 నాటి మన రాష్ట్ర కోర్టు ఫీజుల చట్టం 34వ సెక్షన్ కింద స్వల్పమైన నిర్ణీత రుసుము సరిపోతుంది. నన్ను స్వాధీనం నుంచి పూర్తిగా వెళ్లగొట్టారని రాస్తే మీ వాటా మార్కెట్ విలువను బట్టి ఫీజు కట్టాలి. అన్న సేద్యం చేస్తున్నాడన్న ఒక్క కారణంతో మీ స్వాధీనం పోయినట్లు కాదు, ఒక భాగస్థుడి స్వాధీనం అందరి తరఫున ఉన్నట్లే చట్టం చూస్తుంది. అయితే ఫీజు తగ్గించుకోవడానికి జరగనిది రాయవద్దు. ఏటా పంటలో ఏమైనా ఇచ్చేవాడా, ఎప్పటి నుంచి ఆపాడు, ఉగాది నాడు ఏమన్నాడు, ఇవన్నీ ఉన్నది ఉన్నట్లు చెబితే ఏ ఫీజు వర్తిస్తుందో మీ న్యాయవాది తేలుస్తారు. దావా కారణం పుట్టిన తేదీ కూడా అప్పుడు అబద్ధపు జూన్ 12 కాదు, ఉగాది రోజవుతుంది.

2019 కాగితం సంగతి చివరి పేజీలో రాశారు కానీ, నా లెక్కలో అది మొదట రావలసింది. ఆ సంతకం ఎక్కడ పెట్టారో గుర్తు తెచ్చుకోండి. ఇంట్లోనో తహసీల్దారు ఆఫీసులోనో తెల్లకాగితం మీద పెట్టి ఉంటే అది పాసుపుస్తకం కోసం ఇచ్చిన సమ్మతి మాత్రమే. పాసుపుస్తకం, అడంగల్, 1బి రికార్డు శిస్తు వసూలు లెక్కల కోసం ఉద్దేశించినవి, వాటిలో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. నూరు రూపాయలు పైబడిన స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం సాధారణంగా రిజిస్టరు పత్రం ద్వారానే చెల్లుతుంది, నోటి మాటతోనో పది తులాల బంగారంతోనో కాదు. అలా కాక మీరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి, వేలిముద్ర వేసి, ఫోటో దిగి ఉంటే అది హక్కు విడుదల దస్తావేజు అయి ఉండవచ్చు. అలాంటప్పుడు భాగం అడగడం ఒక్కటే చాలదు. ఆ పత్రాన్ని రద్దు చేయమని కూడా కోరాలి, మోసం ఎలా జరిగిందో, ఎవరు ఏ మాట చెప్పి నమ్మించారో ప్లెయింట్‌లో వివరంగా రాయాలి, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు అడగాలి. కనుక రేపే కళ్యాణదుర్గం సబ్ రిజిస్ట్రారు పరిధిలోని మీ సర్వే నంబర్లన్నిటికీ ఈసీ (ఆ భూముల మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. అందులో మీ పేరుతో పత్రం కనిపిస్తే నకలు తీసుకోండి. ఏది తేలినా మీ న్యాయవాదికి దాచకండి. దాచిన కాగితం ఎదుటి పక్షం చేతిలో నుంచి బయటకు వచ్చిన రోజున, మీరు చెప్పిన నిజాలను కూడా కోర్టు అనుమానంగానే చూస్తుంది.

ఈ స్థితిలో మీ ముందు ఉన్న దారులు చూద్దాం. మొదటిది, ఉన్న ప్లెయింట్‌నే 6వ ఆర్డరు 17వ రూలు కింద సవరించుకోవడం. ఇంజంక్షన్ దావాను భాగ పరిష్కార దావాగా మార్చి, తోటనూ మిద్దెనూ షెడ్యూలులో చేర్చి, అమ్మనూ అక్కనూ పక్షాలుగా చేర్చి, తక్కువ పడిన ఫీజు కట్టాలి. సాక్ష్యం నమోదు ఇంకా మొదలు కాలేదు కాబట్టి కోర్టు దీన్ని కొంత ఉదారంగా చూస్తుంది. విచారణ మొదలైన తర్వాత అడిగితే, తగిన శ్రద్ధ వహించినా ముందే ఎందుకు అడగలేకపోయారో రుజువు చేసుకోవాలి. చిక్కేమిటంటే, మీ పాత ప్లెయింట్‌లోని ఏకాంత స్వాధీనం, జూన్ 12 కథ రికార్డులో అలాగే ఉండిపోతాయి, కథ మార్చారని అన్న తరఫువారు తప్పక అంటారు. పైగా మూడు ఆస్తులు చేరితే దావా విలువ పెరిగి ఇప్పటి కోర్టు పరిధి దాటవచ్చు. అప్పుడు నేను పైన చెప్పిన రెండో రకం రిటర్న్ వచ్చి, పై కోర్టులో దాఖలు చేసుకోవలసి ఉంటుంది. అది నష్టం కాదు, ఆలస్యం మాత్రమే.

రెండోది, ఈ దావాను ఉపసంహరించుకుని కొత్తగా సరైన ప్లెయింట్‌తో రావడం. కథనమే ఇంత దెబ్బతిన్నప్పుడు నేను దీనివైపే కొంత మొగ్గుతాను, కానీ ఒక షరతు మీద. 23వ ఆర్డరు మొదటి రూలు కింద, ఫలానా లోపం ఉంది కాబట్టి కొత్త దావా వేసుకునే స్వేచ్ఛతో ఉపసంహరణకు అనుమతించమని అడిగి, ఆ స్వేచ్ఛ ఇచ్చినట్లు ఉత్తర్వులో రాయించుకోవాలి. అది లేకుండా ఊరికే దావా తీసేసుకుంటే అదే విషయం మీద మళ్లీ దావా వేయడానికి వీలుండదని వాదిస్తారు. కట్టిన ఫీజు పోతుంది, ఎదుటివారికి ఖర్చులు కట్టమనవచ్చు, కాలపరిమితి లెక్కలో పాత దావా నడిచిన రోజులు కలిసిరావు. ఉమ్మడి ఆస్తి నుంచి వెలివేసినట్లు తెలిసిన నాటి నుంచి భాగం అడగడానికి పన్నెండేళ్ల గడువు ఉంది కనుక, 2019 పత్రం చిక్కు లేకపోతే మీకు ఆ తొందర లేదు.

ఇప్పుడున్నట్లే దావా నడపడం మూడో దారి. సాటి భాగస్థుణ్ణి ఉమ్మడి భూమిలోకి రావద్దని కోర్టు సాధారణంగా అనదు. అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు 2008లో, హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు వట్టి ఇంజంక్షన్ దావా చాలదని వివరంగా చెప్పింది, అదీ మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే. అదీగాక, దావా నడుస్తుండగా అన్న చీనీ తోటను అమ్మేస్తే కొన్నవాడు మీ దావా ఫలితానికి కట్టుబడి ఉండాలంటే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ తోట మీద హక్కే దావాలో నేరుగా తేలవలసిన విషయమై ఉండాలి. మీ ప్లెయింట్‌లో తోట అసలు లేదు. బేరం మాత్రం నడుస్తోంది. కనుక మొదటి రెండు దారులలో ఏది ఎంచుకున్నా ఆలస్యం చేయకండి, దానితో పాటే అమ్మకం ఆపమని మధ్యంతర పిటిషన్ కూడా వేయించండి.

ప్లీడరు మార్పు గురించి నేను ఎక్కువ చెప్పను. ముందు ఆయననే కలిసి ఈ లోపాలన్నీ తెలుగులో రాసి చూపించండి. ఆయన మాటా విననిదే తప్పంతా ఆయనదే అనలేను, మీరు కూడా ఆయనకు అన్నీ చెప్పలేదు. సరిచేస్తానంటే ఉండనివ్వండి, విసుక్కుంటే మార్చుకోండి. పాత వకాల్తా మీద ఆయన అభ్యంతరం లేదని రాసిస్తారు, ఇవ్వకపోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందన్న పేరుతో ఫైలు ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. డబ్బు ఇబ్బంది ఉంటే, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం అంటోంది. అనంతపురం జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దావా ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లోనే ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. గుమాస్తా ఫోన్ కోసం ఎదురుచూడనక్కరలేదు.

అమ్మ గురించి రాసిన భాగం నేను రెండుసార్లు చదివాను. "ఉండేది ఒక్క మొగపిల్లోడు, వాణ్ని కోర్టుకీడుస్తావా" అని ఆమె ఏడ్చిందన్నారు. రాజీ మీరు వద్దనుకోవలసిన విషయం కాదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ ఇక్కడా ప్లెయింటే అడ్డం వస్తుంది. ప్లెయింట్‌లో ఉన్న ఆస్తి వరకు రాజీ డిక్రీకి వేరే రిజిస్ట్రేషన్ అవసరం లేదు, అందులో లేని తోటనూ మిద్దెనూ రాజీలో కలిపితే వాటికి రిజిస్ట్రేషన్ కావలసి వస్తుంది. దావాలో లేని అక్క ఆ రాజీకి కట్టుబడదు. అందువల్ల రాజీ పడాలన్నా ముందు ప్లెయింట్ సరిగా ఉండాలి. మీ అమ్మకు ఇంకొక సంగతి కూడా చెప్పండి. ఇప్పుడున్న కాగితంలో ఆమె పేరే లేదు, సరిచేసిన ప్లెయింట్‌లో ఆమె వాటా కూడా ఉంటుంది, ఈ వయసులో తన పేరున కొంత భూమి ఉండడం ఆమెకు అవసరం. మీ అన్న కూడా ఆ పేరా చదవాలి.

మళ్లీ కాగితాలు సిద్ధమైనప్పుడు ఆ పక్కింటి అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ప్రతి పేరా తెలుగులో చెప్పించుకుని, తేదీలు, సర్వే నంబర్లు, తాత గారి సంగతి మీరు చెప్పినట్లే ఉన్నాయో లేదో చూసుకుని, ఒక నకలు ఇంటికి తెచ్చుకుని, ఒక రోజు ఆగి మరుసటి రోజు సంతకం పెట్టండి. ప్లీడరు గారు తొందరపెడితే, వాయిదా ఎప్పుడో అడగండి. ఒక్క రోజుకు దావా ఏమీ మునిగిపోదు.